మూతెడు గులాబీ మందు

నేను బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తాను. కడుపులో మంట ఎందుకొస్తుంది, వస్తే ఏం తాగుతాం, అది లోపలికి పోయి ఏం చేస్తుంది, ఈ పాఠం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే జరిగింది విన్నాక ఎవరైనా అడిగేది ఒకటే, "చదువుకున్నదానివి, నీకెట్లా తట్టలేదమ్మా?" అని. నాకూ తెలియదు. 

మా పుట్టిల్లు చాంద్రాయణగుట్ట చౌరస్తా వెనక గల్లీలో. పాల వ్యాపారం. ఇంటి వెనక బర్రెలు, ముందర గదిలో అమ్మ. పొద్దున ఐదుకల్లా గిన్నెలు పట్టుకుని జనం వస్తారు. నాన్న పోయినప్పటి నుంచి కొలిచేది అమ్మే. "నీళ్ళు కలిపినవా" అని అడిగినవాళ్ళని తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి తిట్టేదీ అమ్మే. మా తమ్ముడు బండికి క్యాన్లు కట్టుకుని హోటళ్ళకు పాలు వేసి వస్తాడు. నేను పెళ్ళయి సైదాబాద్‌లో ఉంటున్నాను.

తమ్ముడికి హెచ్ఐవి ఉందని ఏడేళ్ళ కింద తెలిసింది. ఎట్లా వచ్చిందని ఒక్కసారి అడిగాను, చెప్పాడు, మళ్ళీ అడగలేదు. అది వాడి సంగతి, ఇక్కడ రాయను. రాయాల్సింది నా సంగతి. పెద్దాసుపత్రిలో మొదటి డబ్బా మాత్రలు చేతిలో పెట్టిన రోజు, గేటు దాటకముందే నేను ఆర్డరు వేసేశాను.

"అమ్మకు చెప్పకు. అడిగితే గ్యాస్ గోలీలని చెప్పు. కడుపుల మంట అను. ఇంకేం మాట్లాడకు."

"ఎన్ని రోజులు అక్కా?"

"నేను చెప్పేదాకా."

వాడు తలూపాడు. నా మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, కోపం నా ముక్కు మీదే ఉంటుంది కాబట్టి. డబ్బా మీది కాగితాన్ని బాటిల్ నీళ్ళతో తడిపి గోటితో గీకి పారేసింది కూడా నేనే. అమ్మ తట్టుకోలేదనే భయం ఉంది, నిజమే. కానీ దానికంటే ఎక్కువ భయం గల్లీది. పాలోళ్ళ ఇల్లు. సంగతి బయటపడితే మా చేతి పాలు ఎవరు పోయించుకుంటారు?

మొదట్లో ఇచ్చిన మందులు వాడికి పడలేదు. తల తిరిగేది, పిచ్చి కలలు వచ్చేవి. బండి మీద వెళ్ళేవాడు కదా, పడిపోతానేమోనని నాకు తెలియకుండా రెండు రోజులు వేసుకుని ఒక రోజు మానేసేవాడు. ఏడాది తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. అప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పారు. యాభై దాటిన మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. "మందు పూర్తిగా అందితే వైరస్ అణిగి ఉంటది. అరకొరగా అందిందనుకో, అణగదు, మందుని తప్పించుకునుడు నేర్చుకుంటది. నేర్చుకున్నాక ఆ మందు నీళ్ళతో సమానం." వాడి ఒంట్లో అప్పటికే నేర్చేసుకుంది.

ఆ తర్వాత కొత్త మాత్ర వచ్చింది. రోజుకు ఒకటే. తల తిరగదు, కలలు రావు. ఆరు నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిపోయింది. మా తమ్ముడు మళ్ళీ రెండు క్యాన్లు ఒక్క చేత్తో ఎత్తడం మొదలుపెట్టాడు. "ఈ మందును ఓడించుడు వైరస్‌కు అంత ఆసాన్ కాదు. ఇట్లనే ఉంచుకుంటే నీ నుంచి ఎవ్వరికీ అంటది కూడా కాదు" అన్నారు డాక్టరమ్మ. ఆ రోజు ఇద్దరం ఆసుపత్రి బయట ఇరానీ చాయ్ తాగాం. దాని తర్వాత ఏడాదికోసారి పరీక్ష అంటే కరెంటు మీటరు చూసుకుని వచ్చినట్టే ఉండేది నాకు.

అందుకే ఈ మధ్య పరీక్ష కాగితం డాక్టరమ్మ నా వైపు తిప్పినప్పుడు అంకె చూసి వేరేవాళ్ళదేమో అనుకున్నాను. వేలల్లో ఉంది. పేరు చూశాను. వాడిదే.

"మేడం, ఇది తప్పుబడ్డదేమో?"

"మళ్ళీ చేయించిన. అంతే వచ్చింది" అన్నారు. తమ్ముడి వైపు చూసి మెల్లగా అడిగారు. "గోలి ఏస్కుంటున్నవా తమ్మీ?"

"రోజూ ఏస్కుంటున్న మేడం. ఒక్క రోజు గూడ ఇడిశిపెట్టలే."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. మూడు నెలలు గట్టిగా చూసుకోమన్నారు, మళ్ళీ పరీక్ష చేస్తామన్నారు. అప్పుడూ తగ్గకపోతే ఈ మందును కూడా వైరస్ నేర్చుకున్నట్టు అనుమానించాలి, పెద్ద డాక్టర్ల ముందు కాగితాలు పెట్టి వేరే మందులకు మారాలి. అవి ఉన్నాయి, కానీ ఒక్క మాత్రతో పోయేవి కావు. పైగా వీడు ఒక దారి ముందే మూసుకుని వచ్చాడు. "ఉన్న దారులను జర కాపాడుకోవాలె" అన్నారు.

వరండాలోకి వచ్చీ రాగానే వాడి చెంప మీద ఒక్కటి ఇచ్చాను. ముప్పై నాలుగేళ్ళ మగాణ్ణి, నలుగురి ముందర. బెంచీ మీద కూర్చున్న ముసలాయన "అరె అమ్మా, సబర్ కరో" అంటున్నా ఆగలేదు.

"మళ్ళ మొదలుపెట్టినవారా? నీకేమన్న దిమాక్ ఉన్నదా? యాడ పారేస్తున్నవ్ గోలీలు?"

"అక్కా, అమ్మ తోడు, ఏస్కుంటున్న."

"అమ్మ మీద ఒట్టు పెట్టకు!"

వాడు చెంప పట్టుకుని నిలబడ్డాడు. డబ్బా తెప్పించి లెక్కపెట్టాను. మిగలాల్సినన్నే మిగిలాయి. దానికీ నా దగ్గర జవాబు ఉంది, మోరీలో వేస్తే లెక్క సరిగ్గానే ఉంటుంది కదా! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతానని బడికి సెలవు పెట్టి పుట్టింటికి వచ్చేశాను. మా ఆయనతో పోట్లాడి వచ్చానేమోనని అమ్మ రెండు రోజులు అనుమానంగా చూసింది.

వాడు ఎనిమిదింటికి పాలు వేసి తిరిగి వస్తాడు. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుంటాడు. జేబులోంచి మాత్ర తీస్తాడు. నేను ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. మింగాక "ఆ... అను" అని నోరు తెరిపించేదాన్ని. నాలుక ఎత్తమనేదాన్ని. వాడు చిన్నపిల్లాడిలా ఎత్తేవాడు. అది చూసి అమ్మ నవ్వింది.

"గ్యాస్ గోలికి గింత లొల్లా? ఏం టీచరమ్మవే నువ్వు!"

అని, ఆమె పని ఆమె చేసింది. అలమారలోంచి గులాబీ రంగు గ్యాస్ మందు సీసా తీసి బాగా కుదిపి, మూతలోకి అంచు దాకా పోసి, వాడి నోటి దగ్గర పెట్టి, వాడు తాగేదాకా అట్లాగే నిలబడింది. మా అమ్మ ఏదైనా ఇస్తే ఇట్లాగే ఇస్తుంది. కషాయమైనా, జున్నైనా. తాగేదాకా కదలదు, వద్దంటే చెయ్యి దించదు. వాడు తాగేశాడు. ఒక రోజు నాక్కూడా పోసింది. ముందు రాత్రి మటన్ తిని కడుపు బరువుగా ఉందన్నానని. తాగి త్రేన్చి, "మంచిగుందే అమ్మా" అన్నాను కూడా.

పదిహేను రోజులు కాపలా కాశాను. ఒక్క రోజు కూడా తప్పలేదు వాడు. అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. వాడు దొంగ అయితే తిట్టి, కొట్టి దారికి తెచ్చుకోవచ్చు. వాడు దొంగ కాదంటే మందే ఓడిపోయిందని అర్థం కదా. 

పరీక్షకు ముందే ఒకసారి వచ్చి కనబడమని డాక్టరమ్మ చెప్పిన రోజు ఇద్దరం వెళ్ళాం. ఆమె పెన్ను తీసి, "పొద్దున లేచినప్పటి నుంచి ఏం తింటడు, ఏం తాగుతడు, గోలి ఎప్పుడు ఏస్కుంటడు, ఒక్కొక్కటి చెప్పు" అన్నారు. వాడు నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. నాకు గర్వం, పదిహేను రోజులు కళ్ళారా చూసినదాన్ని కదా.

"నేను చూసిన మేడం. ఐదింటికి చాయ్. ఎనిమిదింటికి గోలి, నా ముందలనే. ఎంటనే మా అమ్మ గ్యాస్ మందు పోస్తది ఒక మూతెడు. ఆమెకు అసలు సంగతి తెల్వదు, గ్యాస్ అనుకుంటది. పాపం, రోజూ మర్వకుండ తన చేత్తోటే తాపిస్తది. దాని తర్వాత ఇడ్లీ గానీ..."

పెన్ను ఆగింది.

"ఏ గ్యాస్ మందు?"

"గులాబీ రంగుది మేడం. మెడికల్ షాపుల దొరుకుతది. సీసా."

"ఎన్ని రోజుల నుంచి?"

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నేల చూస్తూ చెప్పాడు. "పోయినేడు బోనాల కాడికెళ్ళి. ఏడాదాయె."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆమె చెప్పింది నాకు ముక్కలుగానే గుర్తుంది. ఆ గ్యాస్ మందులో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం ఈ మాత్రను కడుపులోనే పట్టుకుంటాయట. రక్తంలోకి పోనివ్వవట. ఐరన్, కాల్షియం గోలీలతో కూడా ఇదే తంటా అట. గ్యాస్ మందు తాగాలంటే మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతనే తాగాలి, లేదంటే ఆరు గంటల ముందే తాగి ఉండాలి. రెండూ కలిపి తాగితే మాత్ర మింగినట్టే గానీ, అందేది చాలా తక్కువ.

సైన్సు టీచర్ని! ఏడాదికోసారి నల్లబల్ల మీద ఆ రెండు లోహాల పేర్లు రాసేది నేనే. వాడు మాత్ర మింగడం, దాని మీద ఆ మందు పడటం పదిహేను రోజులు స్టూలేసుకుని కూర్చుని చూసింది నేనే. ఇంకా ఘోరం ఒకటి ఉంది, అది అక్కడే కుర్చీలో గుర్తుకొచ్చింది. కొత్త మాత్ర మొదలుపెట్టిన రోజు డాక్టరమ్మ అడిగారు, గ్యాస్ మందు గానీ ఐరన్ గానీ వాడతాడా అని. వాణ్ణి మాట్లాడనివ్వకుండా "ఏం లేవు మేడం" అన్నాను. అప్పటికి లేవు, అది నిజమే. "ఎప్పుడన్న మొదలుపెడితే మాకు చెప్పాలె" అన్నారు. సరే సరే అని లేచి వచ్చేశాను, బడికి టైమవుతోందని.

"కావాలని చేసింది కాదు గదా" అన్నారు డాక్టరమ్మ. "ఈ మందు మొండిది, ఇంకా పని చేస్తదనే నా ఆశ. కానీ ఏడాది పాటు అరకొర మందు మీదనే గడిచింది. ఏం జరిగిందో మూడు నెలలకు గానీ చెప్పలేను. ఆ సీసా మాత్రం ఈ రోజే బంద్ కావాలె." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ అడిగారు. "మీ అమ్మగారికి ఏం చెప్తరు?"

బయటికి వచ్చాం. అదే వరండా, అదే బెంచీ. ఈసారి నేను కూలబడ్డాను.

"నీకు నిజంగ గ్యాస్ ఉన్నదారా?"

"ఎన్నడు లేదక్కా."

"మరెందుకు తాగినవ్?"

వాడు నన్ను వింతగా చూశాడు. ఇది కూడా అడగాలా అన్నట్టు. "బోనాల నాడు తిని పండుకున్న. గిన్నేండ్ల నుంచి గోలీలు మింగవడితివి, గ్యాస్ తగ్గకపాయె అని అమ్మ పరేషాన్ అయింది. మెడికల్ షాపాయన్ని అడిగి సీసా తెచ్చింది. వద్దంటే ఎందుకంటది. గ్యాస్ లేదంటే మరి గా గోలీలు ఏంటివి అంటది. నువ్వే గద చెప్పినవ్, అమ్మకు అనుమానం రావద్దని."

నా అబద్ధం నిలబెట్టడానికి వాడు ఏడాది పాటు రోజూ ఒక మూతెడు తాగాడు. నేను ఆ చెంపను కొట్టాను. వాడి ముఖం చూడలేక చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. "ఊకో అక్కా, అందరు చూస్తున్నరు" అని వాడే నన్ను లేపాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ పెరట్లో కూర్చుని క్యాన్లు తోముతోంది. బస్సులో వస్తూ పది రకాలుగా అనుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. వాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని మొత్తం చెప్పేశాను. జబ్బు పేరు, మాత్ర, గ్యాస్ మందు, పరీక్ష. అమ్మ తోమడం ఆపలేదు. ఒకే క్యాన్‌ను మళ్ళీ మళ్ళీ తోమింది.

"ఎన్నేండ్లయింది?"

"ఏడు."

"ఇంకెవలకు తెల్సు?"

"మా ఆయనకు."

"అల్లునికి చెప్పినవ్" అంది అమ్మ. క్యాన్‌ను బోర్లించింది. తర్వాత, "పాలకు గిట్ల ఏమన్న అంటుకుంటదా గది?"

"లేదమ్మా. పాలతోటి రాదు, ముట్టుకుంటె రాదు."

"నీకు గది తెల్సా అప్పుడు?"

"తెల్సు."

"మరెందుకు దాచినవే?"

గల్లీ ఏమంటుందోనని, నువ్వు తట్టుకోవని... ఏడేళ్ళు గట్టిగా నమ్మిన కారణాలు, ఆమె ముందు పెట్టబోతే ఒక్కటీ నిలబడలేదు. అమ్మ లేచింది. లోపలికి పోయి అలమారలోంచి సీసాలు తెచ్చింది. వాడుతున్నది ఒకటి, మూత తీయనివి మూడు. అయిపోతే వాడికి ఒక పూట తప్పుతుందని ముందే తెచ్చి పెట్టుకుంది. ఒక్కొక్కటి తీసి బర్రెల మోరీలో వంచేసింది. గులాబీ రంగు నీళ్ళు పేడ మీదుగా పోయాయి.

"నువ్వు అబద్ధమాడినవ్. నేను మందు పోసిన. వాడు తాగిండు" అంది సీసాలతోనే మాట్లాడుతున్నట్టు. ఖాళీ సీసాలు కింద పడేసింది. "నా చేత్తోని పోసిన గదరా కొడుకా... తాగేదాంక నిలబడి పోసిన..." అని వాడి దగ్గరికి పోయి, వాడి నోటిని కొంగుతో గట్టిగా తుడిచింది, ఇప్పుడే తాగినట్టు. వాడు "ఏం కాదే అమ్మా, ఫికర్ జెయ్యకు" అంటూనే బోరుమన్నాడు. ఏడేళ్ళలో వాడు ఏడవడం నేను చూడలేదు. నేను చూడలేదంతే, వాడు ఎక్కడ ఏడ్చేవాడో నాకేం తెలుసు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు.

ఆ మూడు నెలలు అమ్మ నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే తమ్ముడికి ఇచ్చేసేది. వెళితే అన్నం పెట్టేది, కూర వేసేది, మాట ఉండేది కాదు. వాడే చెప్పేవాడు. ఎనిమిదింటికి ఎంతమంది పాలకు నిలబడ్డా గిన్నె పక్కన పెట్టి వచ్చి వాడి పక్కన కూర్చుంటోందట. వాడి చేతిలో ఏం పెట్టినా, "దీంతోటి ఏం గాదు గద, డాక్టరమ్మకు ఫోన్ చేసి అడుగు" అంటోందట. జున్ను పెట్టడానికి కూడా భయపడుతోందట. నేను తెల్లారి లేచి గోడ మీద క్యాలెండరు చూసి, ఇంకా ఇన్ని రోజులా అనుకునేదాన్ని. అంకె తగ్గకపోతే? ఆ మాత్రను కూడా నేర్చేసుకుని ఉంటే? బడిలో ఆ పాఠం వచ్చింది. పక్క టీచరుతో చెప్పించాను.

పరీక్ష కాగితం వచ్చే రోజున అమ్మ తనూ వస్తానంది, తమ్ముడితో. ఉతికిన చీర కట్టుకుంది. నేను సైదాబాద్ నుంచి నేరుగా వెళ్ళేసరికి ఇద్దరూ బెంచీ మీద ఉన్నారు. డాక్టరమ్మ గదిలో అమ్మ కూర్చోలేదు, వాడి కుర్చీ వెనక రెండు చేతులూ కుర్చీ మీద పెట్టి నిలబడింది.

డాక్టరమ్మ కాగితం చూశారు. ముఖం ఎత్తి నవ్వారు. "దిగిపోయింది. పరీక్షకు దొరకనంత. మందు ఓడిపోలేదమ్మా, అసలు దాన్ని పని చేయనిచ్చిందే ఇప్పుడు. ఇదే గోలి, ఇట్లనే."

తమ్ముడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అమ్మకు అర్థమైందో లేదో అనుకున్నాను. "అంటే బతుకుతడా అమ్మా?" అని అడిగింది. "మస్తు బతుకుతడు. నీకంటే నాకంటే ఎక్కువ రోజులు" అన్నారు డాక్టరమ్మ. అమ్మ ఆమెకు చేతులెత్తి దండం పెట్టింది.

అప్పుడు నా వైపు తిరిగింది. మూడు నెలల తర్వాత మొదటిసారి.

"ఇంకేమన్న దాచినవా?"

"లేదమ్మా" అన్నాను. "ఇంకేం లేదు. ఒట్టు."

అమ్మ నా మాట వింది. నిజమా కాదా అని తమ్ముడి మొహంలోకి చూసింది.